సాధనం మారితే నిలిచేదేమిటి?

1. ప్రశ్న స్వరూపం

ఒక పనిముట్టులోని భాగాలు ఒకదాని తరువాత ఒకటిగా మారుతూ వచ్చి, చివరకు మొదట ఉన్నవాటిలో ఒక్కటీ మిగలనప్పుడు, ఎదుట ఉన్నది పాత పనిముట్టేనా, దాని స్థానంలోకి వచ్చిన వేరొకటా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలకూ గ్రీకు తత్త్వానికీ చాలాకాలంగా పరిచితమైనది. రథం, ఓడ, కుండ, బట్ట వంటి ఉదాహరణలతో పూర్వులు చర్చించిన ఈ ప్రశ్న నేటి చిన్న వర్క్‌షాపుల్లో, నేతగాళ్ల ఇళ్లల్లో నిత్యవ్యవహారమైంది. ఒక యంత్రాన్ని కొని, అరిగేదాకా వాడి, పారవేసే పద్ధతి స్థానంలో, ఉన్నదాన్నే కొద్దికొద్దిగా మెరుగుపరచుకుంటూ పోయే పద్ధతి సామాన్యులకు అందుబాటులోకి రావడమే ఇందుకు కారణం. ఆ మెరుగుదలలో మూడు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నాయి: అంగాలు మారిన యంత్రం పాతదేనా అన్నది మొదటిది, యంత్రం మారితే దానిపై తయారైన వస్తువు కూడా మారినట్టేనా అన్నది రెండవది, మెరుగుపరచడానికి హద్దు ఎక్కడ అన్నది మూడవది. మొదటిది వస్తువుల ఉనికిని గురించిన విచారణ కాగా, మిగిలిన రెండూ ధర్మవిచారణకు చెందినవి. ధర్మవిచారణ గుండా సాగితే తప్ప మొదటి ప్రశ్నకు సమాధానం దొరకదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మంచి భూమిక. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాలూ సాధనాల చరిత్రలోని వేర్వేరు దశలను పక్కపక్కనే నిలుపుకొన్నాయి. ధర్మవరంలో గుంటమగ్గంలో కాళ్లు దించుకొని పట్టుచీర నేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరుపడ్డ హిందూపురం బెంగళూరుకు దగ్గరగా ఉండటంతో చిన్న పరిశ్రమలకు తావైంది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారం ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో నిర్మితమై, మనిషి చేయి తాకకుండానే రోబోలు ఇనుప రేకులను అతికే స్థాయిని చూపుతున్నది. చేతిపని, చిన్న యంత్రం, మహాయంత్రం అనే ఈ మూడింటి నడుమ, మధ్యస్థానంలో ఉన్న సీఎన్‌సీ రూటర్ తాత్త్విక దృష్టికి ఎక్కువ విషయాన్ని అందిస్తుంది.

సీఎన్‌సీ రూటర్ అంటే కంప్యూటర్ ఇచ్చే అంకెల ఆదేశాల ప్రకారం అడ్డంగా, నిలువుగా, పైకీ కిందికీ కదులుతూ, వేగంగా తిరిగే బిట్‌తో చెక్కను, ప్లాస్టిక్‌ను, మెత్తని లోహాలను తొలిచే యంత్రం. ఇళ్ల తలుపులపై లతలు, దేవుడి మందిరాల జాలీలు, పేర్ల పలకలు ఇప్పుడు చాలా పట్టణాల్లో దీనితోనే తయారవుతున్నాయి. అంకెలతో యంత్రాన్ని నడిపే పద్ధతిని 1952లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ప్రదర్శించినప్పుడు ఆదేశాలను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీపై ఎక్కించారు. అంతకు దాదాపు ఒకటిన్నర శతాబ్దం ముందే, 1804లో, ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డ్ చిల్లుల అట్టలతో మగ్గంపై పూలూ లతలూ తేల్చే ఏర్పాటును రూపొందించాడు. అందువల్ల ధర్మవరం మగ్గం నెత్తిన వేలాడే జకార్డు అట్టల దండకూ రూటర్‌ను నడిపే ఆదేశాల ఫైలుకూ ఉన్నది దూరపు పోలిక మాత్రమే అనుకోరాదు. ఒకే ఆలోచనకు అవి రెండు దశలు. మగ్గానికి జకార్డు తగిలించడం కూడా తన కాలంలో ఒక మెరుగుదలే.

2. స్పిండిల్ మారినప్పుడు

సొంత ఆసక్తితో, తక్కువ ఖర్చుతో కూర్చుకున్న రూటర్లలో బిట్‌ను తిప్పడానికి సాధారణంగా వడ్రంగులు చేత్తో పట్టుకొని వాడే ట్రిమ్ రూటర్ మోటారునే బిగిస్తారు. దానిలోని కార్బన్ బ్రష్షులు అరుగుతూ ఉంటాయి, చప్పుడు విపరీతంగా ఉంటుంది, గంటల తరబడి నడిస్తే కాలుతుంది. ఇంతకంటే పెద్ద లోపం రన్‌అవుట్, అంటే బిట్ తన అక్షంపై నికరంగా తిరగక వెంట్రుకవాసి పక్కకు ఊగడం. రెండు అంచుల బిట్ నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతూ అదే నిమిషంలో 2,400 మిల్లీమీటర్లు ముందుకు సాగితే ఒక్కో అంచు ఒక్కో కోతలో 0.1 మిల్లీమీటర్ చెక్కను తీస్తుంది. బిట్ ఊగితే ఒక అంచు ఎక్కువ, మరొకటి తక్కువ తీసి, కోత గరుకుగా మారడమే గాక ఎక్కువ భారం మోసిన అంచు త్వరగా మొద్దుబారుతుంది. కాబట్టి కొంతకాలానికి యజమాని ఆ మోటారును తీసి స్పిండిల్‌ను, అంటే ఈ పనికే ప్రత్యేకంగా తయారైన మూడు ఫేజుల మోటారును బిగిస్తాడు. ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును వీఎఫ్‌డీ అనే పరికరం 400 హెర్ట్జ్ దాకా పెంచి అందిస్తే, రెండు ధ్రువాల స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్ల వేగాన్ని అందుకుంటుంది. బ్రష్షులు ఉండవు, బిట్‌ను చుట్టూ సమంగా బిగించే కొల్లెట్, గట్టి బేరింగులు కలిసి ఊగును దాదాపు మాయం చేస్తాయి.

మార్పు అక్కడితో ఆగదు. కొత్త స్పిండిల్ పాత మోటారు కంటే బరువైనది కావడంతో దాన్ని మోసే అడ్డదూలం, అంటే గ్యాంట్రీ, కుంగడం మొదలవుతుంది. దాన్ని గట్టిపరిస్తే ఆ బరువును కదిలించలేక స్టెప్పర్ మోటార్లు తడబడతాయి. పెద్ద మోటార్లు తెస్తే, దిశ మార్చిన ప్రతిసారీ పాత లీడ్ స్క్రూలో మరకూ నట్టుకూ మధ్య ఉన్న సందు కోతలో కనబడుతుంది. దాని స్థానంలో గుండ్లమీద నడిచే బాల్ స్క్రూ, ప్లాస్టిక్ చక్రాల స్థానంలో ఉక్కు లీనియర్ పట్టాలు వస్తాయి. హిందూపురంలో ఉన్నవారికి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు ఒక్క పూట ప్రయాణం కనుక భాగాలు సమకూర్చుకోవడం కష్టం కాదు. ఇలా కొన్నేళ్లకు మొదటి యంత్రంలో ఉన్నది ఏదీ మిగలదు. అయినా యజమాని దాన్ని తన పాత యంత్రమనే పిలుస్తాడు, దానిపై చెక్కిన మొదటి పనినీ నేటి పనినీ ఒకే యంత్రం పనులుగా చూపుతాడు. ఆ మాట సత్యమా, అలవాటు మాత్రమేనా అన్నదే దర్శనాల ముందుంచవలసిన ప్రశ్న.

3. అవయవాలు, అవయవి

న్యాయ వైశేషిక దర్శనాల ప్రకారం భాగాలు అవయవాలు, భాగాలతో ఏర్పడిన పూర్ణవస్తువు అవయవి. అవయవి అవయవాల కుప్ప కాదు. వాటిలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో నిలిచి ఉండే వేరొక సద్వస్తువు. బట్టను ఒక కొస పట్టి లాగితే మొత్తం కదులుతుంది, కుండ ఒక్కటిగా కంటికి కనబడుతుంది, పరమాణువుల గుంపైతే అలా కనబడదు అన్నది వారి యుక్తి. అయితే ఇంత గట్టిగా పూర్ణవస్తువును స్థాపించిన ఈ దర్శనమే దాని ఆయుష్షు విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. బట్టలోంచి కొన్ని పోగులు తీసివేస్తే ఆ బట్ట నశించి, మిగిలిన పోగులలో ఖండపటం అనే కొత్త అవయవి పుడుతుంది; అది పాత బట్టే అన్న ప్రత్యభిజ్ఞ, అంటే గుర్తుపట్టే జ్ఞానం, ఒకే జాతికి చెందినదన్న పోలిక వల్ల కలిగేదే. ఈ లెక్కన కొల్లెట్ మారిన ప్రతిసారీ ఒక రూటర్ నశించి మరొక రూటర్ పుట్టినట్టే.

బౌద్ధులు ఇంకొక అడుగు ముందుకు వేసి, అవయవి అనేదే లేదన్నారు. మిలిందపన్హలో నాగసేన భిక్షువు గ్రీకు రాజు మిలిందుణ్ణి అడిగిన ప్రశ్నలు ప్రసిద్ధం: ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, ఇవన్నీ కలిస్తే రథమా, ఇవి కాక వేరే ఏదైనా రథమా అని అడిగి, దేనికీ అవునన్న సమాధానం రాకపోవడంతో, రథం అనేది ఈ భాగాలను ఆశ్రయించుకొని వాడే వ్యవహారనామమేనని తేల్చాడు. 7వ శతాబ్దపు చంద్రకీర్తి ఇదే ఉదాహరణను ఏడు విధాలుగా విస్తరించి, ఎలా వెదికినా రథం దొరకదని చూపినప్పటికీ, లోకవ్యవహారంలో రథం లేదని మాత్రం అనలేదు. వెదకకుండా వాడుకున్నంతవరకు అది ఉన్నట్టే పనిచేస్తుందని అంగీకరించాడు. ఉపనిషత్ సంప్రదాయం మరో దిక్కు నుంచి ఇదే స్థలానికి చేరుతుంది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతుకు మట్టినీ బంగారాన్నీ చూపిన తరువాత, గోళ్లు తీసే ఇనుప పనిముట్టును మూడో ఉదాహరణగా తెచ్చి, అందులో సత్యం ఇనుమేనని, తక్కినది మాటలో పుట్టిన పేరని బోధించాడు.

గ్రీకు లోకంలో ప్లూటార్కు వర్ణించిన థీసియస్ ఓడ ఈ చర్చకు సాటివచ్చేది: ఏథెన్సు ప్రజలు ఆ ఓడ పలకలు పాడైనకొద్దీ కొత్తవి వేస్తూ నిలుపుకోగా, తత్త్వవేత్తలలో ఒక పక్షం అది అదే ఓడ అన్నది, మరొక పక్షం కాదన్నది. 1655లో థామస్ హాబ్స్ దీనికి ఒక మెలిక పెట్టాడు: తీసివేసిన పాత పలకలన్నీ ఒకడు దాచి, అదే క్రమంలో కూర్చి ఇంకొక ఓడ నిర్మిస్తే, రెండింటిలో ఏది థీసియస్ ఓడ? ఇది ఊహామాత్రంగా తోచవచ్చుగానీ రూటర్ల విషయంలో నిత్యం జరిగేదే. తీసిన మోటారు, లీడ్ స్క్రూలు, చిన్న స్టెప్పర్లు పారవేయడానికి మనసొప్పని యజమాని వాటితో ఇంకో చిన్న యంత్రం కూర్చి తమ్ముడికో మిత్రుడికో ఇస్తాడు. ద్రవ్యాన్ని ప్రమాణంగా తీసుకుంటే మొదటి యంత్రం తమ్ముడింట ఉంది; అవిచ్ఛిన్నమైన వాడకాన్ని ప్రమాణంగా తీసుకుంటే యజమాని ఇంట ఉంది. రెండు ప్రమాణాలూ నిర్దోషమైనవే కావడమే ఇక్కడి చిక్కు.

మోటారు వాహనాల విషయంలో చట్టం ఈ చిక్కును తేల్చిన తీరు గమనించదగినది. ఎర్రమంచిలో తయారయ్యే ప్రతి కారుకూ చాసిస్ మీద ఒక సంఖ్య ముద్రిస్తారు. ఇంజను మారిస్తే ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి, కారు మాత్రం అదే కారుగా సాగుతుంది. చాసిస్‌లో కారు ఆత్మ ఉందని చట్టం భావించలేదు. దొంగతనం జరిగినా, ప్రమాదం జరిగినా, చేతులు మారినా ఎవరు బాధ్యులో తెలియడానికి ఒక నిలకడ గుర్తు కావాలి గనుక అలా నిర్ణయించింది. ఏకత్వాన్ని వస్తువులో వెదకడం మాని, దాని మీద ఆధారపడినవారి అవసరంలో వెదికిన దృష్టి ఇది.

4. పటానికి మూడు కారణాలు

17వ శతాబ్దానికి చెందిన, తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కారణాన్ని మూడు విధాలుగా విభజించి, మూడింటికీ బట్టనే ఉదాహరణగా చూపాడు. ఏ ద్రవ్యంలో కార్యం సమవాయంతో పుడుతుందో అది సమవాయికారణం. బట్టకు పోగులు అటువంటివి. ఆ ద్రవ్యంలోనే ఉంటూ కార్యానికి కారణమయ్యే గుణమో క్రియో అసమవాయికారణం. పోగుల కూర్పు, అంటే పడుగూ పేకా పరస్పరం కలిసే తీరు, బట్టకు అటువంటిది. ఈ రెండూ కాని కారణం నిమిత్తకారణం. నాడె, మగ్గం మొదలైన నేత సాధనాలు ఈ కోవలోకి వస్తాయి. ఈ విభాగంతో ధర్మవరం పట్టుచీరను చూస్తే మెరుగుదల సమస్య ఒక్కసారిగా స్పష్టమవుతుంది: సాధనాన్ని మెరుగుపరచడమంటే నిమిత్తకారణాన్ని మార్చడం, పోగులనూ కూర్పునూ ముట్టకుండా విడిచిపెట్టడం. బట్ట పోగులలో సమవేతమై ఉంటుందేగాని మగ్గంలో కాదు; నేత పూర్తయ్యాక మగ్గం విరిగినా చీరకు హాని లేదు. అటువంటప్పుడు చేమగ్గంపై నేసిన చీరకూ మరమగ్గంపై నేసిన చీరకూ, పట్టూ కూర్పూ ఒకటేనైతే, భేదం లేదనే అనవలసి వస్తుంది.

అయితే లోకం అలా అనడం లేదు. పట్టుచీర మీద రెండు ముద్రలు ఉండవచ్చు: 2004లో మొదలైన సిల్క్ మార్క్ పట్టు అసలైనదని చెబుతుంది, 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్ చీర చేతితో నేసినదని చెబుతుంది. అన్నంభట్టు పరిభాషలో మొదటిది సమవాయికారణానికి హామీ, రెండవది నిమిత్తకారణానికి హామీ. కొనేవారు కంటితో గుర్తించలేని కారణానికి కూడా విలువ కట్టి, దాని కోసం ఎక్కువ ధర చెల్లిస్తున్నారంటే, ఆ ధరలో ఒక భాగం నేతగాడి చేతికి, అతని కుటుంబం నిలబెట్టిన విద్యకు చెల్లిస్తున్నారని అర్థం. కాబట్టి మరమగ్గంపై నేసిన చీరను చేనేత పేరుతో అమ్మడంలోని దోషం చీరలో కనబడదు. అది అమ్మేవాడు ఇచ్చిన మాటలో ఉంది. వస్తువు మారకపోయినా మాట తప్పడం సాధ్యమే.

చేనేత వస్తువుల రిజర్వేషన్‌కు 1985లో వచ్చిన చట్టం ఈ హద్దును ఆశ్చర్యం గొలిపేంత తాత్త్వికంగా గీసింది. చీరతో సహా 11 రకాల వస్తువులు చేమగ్గానికే ప్రత్యేకించి ఉన్న ఈ వ్యవస్థలో, మరమగ్గం కాని ఏ మగ్గమైనా చేమగ్గమే. మరమగ్గమంటే విద్యుత్తు వంటి శక్తితో నడిచేది. ఆ శక్తి నిర్వచనాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి తీసుకున్నారు, దాని ప్రకారం మనిషి నుంచి గాని జంతువు నుంచి గాని పుట్టనిదే శక్తి. మగ్గంలో ఎన్ని అంగాలు కొత్తవి, ఎన్ని పాతవి అన్న లెక్కను చట్టం పట్టించుకోలేదు. బలం ఎక్కడ పుడుతున్నదో దాన్నే అడిగింది. మరోవైపు మగ్గాల మెరుగుదలకు కేంద్రమే హత్‌కర్ఘా సంవర్ధన్ సహాయతా పథకం కింద ఖర్చులో 90 శాతం భరిస్తున్నది; అలా సమకూరే పరికరాలలో జకార్డును పైకెత్తే మోటార్లు కూడా ఉన్నాయి. జకార్డు బరువును తొక్కుడుచెక్కతో రోజంతా ఎత్తి ఎత్తి నేతగాడి మోకాళ్లు అరిగిపోతాయి గనుక ఆ మోటారు దయాపూర్వకమైన మార్పు. నాడె చేతితో విసురుతూ, పేకను చేతితో కొడుతూ, ఎత్తడం మాత్రం మోటారుకు వదిలిన మగ్గం ఏ వైపుది అన్న ప్రశ్న ఇక్కడ న్యాయంగానే లేస్తుంది. చీర స్వభావాన్ని నిర్ణయించే చర్య, అంటే పేకను ఎంత బిగువుతో ఎక్కడ కొట్టాలో తేల్చే చర్య, నేతగాడి చేతిలోనే ఉన్నంతవరకు మోటారు అతని కాలికి సాయమవుతుంది; ఆ చర్య కూడా మోటారుకు పోయిన నాడు అతడు యంత్రానికి కాపరి అవుతాడు, హ్యాండ్లూమ్ మార్క్ ఇచ్చిన మాట ఆ నాడు తప్పినట్టు.

దీని నుంచి ఒక సిద్ధాంతం రూపు కడుతుంది. ఫలానాది అదే వస్తువు అనడం ఆ వస్తువులో దాగిన తత్త్వాన్ని వర్ణించడం కాదు, దాని మీద ఆధారపడేవారికి ఒక పూచీ ఇవ్వడం. పూచీ దేనికి ఇచ్చారో ఆ అంశం నిలిచినంతవరకు తక్కిన అంగాలన్నీ మారినా వస్తువు అదే. ఆ అంశం తప్పితే ఒక్క అంగమూ మారకపోయినా వస్తువు వేరు. దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చు: పూచీ నిలవాలంటే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కాలంలో నిలవాలి గదా, వారి ఏకత్వం ఏ పూచీ వల్ల సిద్ధిస్తుంది, ఇది చక్రకదోషం కాదా అని. స్థిరమైన ఆత్మను ఒప్పుకొనే నైయాయికులకు ఈ చిక్కు లేదు. ఆత్మను ఒప్పుకోని బౌద్ధులు కూడా బాధ్యతను వదలలేదని మిలిందపన్హలోని మామిడిపండ్ల దృష్టాంతం చెబుతుంది: తాను కోసిన పండ్లు యజమాని నాటిన పండ్లు కావని దొంగ వాదించినా, నాటినవాటిని ఆశ్రయించే ఇవి పుట్టాయి కనుక అతడు దోషే. అంటే ఏకత్వం విషయంలో పరస్పరం విభేదించిన దర్శనాలు సైతం, ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి వచ్చే పరంపరలో బాధ్యత తెగదన్న విషయంలో ఏకీభవించాయి. పూచీకి కావలసింది ఆ పరంపర, అంతకు మించిన నిత్యవస్తువు దానికి అక్కరలేదు.

ఈ సిద్ధాంతంతో రూటర్ ప్రశ్న తేలికపడుతుంది. తన సంతోషం కోసం యంత్రం పెట్టుకున్నవాడు స్పిండిల్ మార్చినా, పట్టాలు మార్చినా ఎవరికీ ఇచ్చిన మాట తప్పడం లేదు గనుక దాన్ని పాతదనడమూ కొత్తదనడమూ అతని ఇష్టం. హాబ్స్ అడిగిన రెండు ఓడలలో ఏది అసలుదన్నది అక్కడ వ్యర్థప్రశ్న. అదే యంత్రంపై చెక్కిన తలుపును చేతిచెక్కడమని చెప్పి అమ్మితే ప్రశ్న వ్యర్థం కాదు, అపరాధం అవుతుంది. యంత్రంతో చెక్కినదని చెప్పి అమ్మితే అందులో ఏ లోపమూ లేదు; మంచి బొమ్మ గీసి, కలపను తెలిసి, బిట్‌నూ వేగాన్నీ ఎంచుకున్న నేర్పు ఆ పనిలోనూ ఉంది.

5. అనవస్థకు హద్దు

మూడవ ప్రశ్న మెరుగుదలకు హద్దును గురించినది. ఒకదానికి ఆధారంగా మరొకటి, దానికి ఇంకొకటి కావలసివచ్చి ఎక్కడా నిలవని స్థితిని నైయాయికులు అనవస్థ అంటారు, దాన్ని తర్కదోషంగా లెక్కిస్తారు. స్పిండిల్ గ్యాంట్రీని, గ్యాంట్రీ మోటార్లను, మోటార్లు స్క్రూలను డిమాండు చేసే పరంపర సరిగ్గా అటువంటిది. ప్రతి మెరుగుదలా అంతవరకు కనబడని తరువాతి బలహీనతను బయటపెడుతుంది గనుక, యంత్రాన్నే చూస్తూ కూర్చున్నవాడికి ఆగవలసిన చోటు ఎన్నడూ కనబడదు. ఆ చోటు యంత్రంలో లేదు, చేయవలసిన పనిలో ఉంది. నిమిత్తకారణానికి హద్దును సమవాయికారణం గీస్తుంది.

దీనికి కలపే సాక్షి. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ రెండు శాతం మేర మారితే, ఈనెలకు అడ్డంగా అది దాదాపు ఒక మిల్లీమీటర్ దాకా ఉబ్బవచ్చు లేదా కుంచించుకుపోవచ్చు. రాయలసీమ ఎండలకు ఆరి, వానకాలంలో తేమ పీల్చే తలుపుపై మిల్లీమీటర్‌లో వందో వంతు కచ్చితత్వంతో లత చెక్కాలని పట్టుబట్టడం, చెక్క తానే నిలుపుకోలేని కొలతను దానిపై రుద్దడమే. మరోవైపు బిట్ వంగడాన్ని లెక్కించే శాస్త్రం చిన్న జాగ్రత్తకు ఉన్న బలాన్ని చూపుతుంది: కొల్లెట్ బయటికి పొడుచుకొచ్చిన బిట్ పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి అది ఎనిమిది రెట్లు వంగుతుంది, బిట్ వ్యాసం రెట్టింపైతే వంపు పదహారో వంతుకు తగ్గుతుంది. అంటే కొత్త స్పిండిల్ కొనకముందే, బిట్‌ను పొట్టిగా బిగించడం, తగిన మందం బిట్ ఎంచుకోవడం అనే ఖర్చులేని వివేకంతో సగం దోషాలు తొలగుతాయి. సాధనను వదిలి సాధనాలు పోగుచేసుకునే మనసు ఏ రంగంలోనైనా తృష్ణకు లోబడినదే. ఒక కోరిక తీరిన వెంటనే మరో కోరికకు చోటిచ్చే ఆ ధోరణిని బుద్ధుడు దుఃఖానికి మూలమన్నాడు. పనికి కావలసిన మెరుగుదలనూ తృష్ణ కోరిన మెరుగుదలనూ వేరుచేసే గీటురాయి ఇదే: మొదటిది చేస్తున్న వస్తువు పేరు చెప్పగలదు, రెండవది కొనవలసిన భాగం పేరే చెప్పగలదు.

6. జీర్ణోద్ధారణ ఇచ్చే పాఠం

భాగాలు మార్చినా వస్తువును నిలుపుకోవడమెలాగో ఆలయ సంప్రదాయం చాలా కాలం కిందటే ఒక విధిగా రూపొందించింది. జీర్ణోద్ధారణ అంటే శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడం. మూలవిరాట్టును పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనం, అంటే ఎనిమిది ద్రవ్యాల మిశ్రమం, కాలక్రమంలో సడలుతుంది గనుక తిరుమలలో 12 ఏళ్లకోసారి దాన్ని పునరుద్ధరిస్తారు. 2018 ఆగస్టులో అలా జరిగింది. ఆ పని సాగినన్ని రోజులు దైవశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక సన్నిధిలో ఉంచి అర్చించి, పని ముగిశాక మహాసంప్రోక్షణతో తిరిగి మూలమూర్తిలోకి చేరుస్తారు. పూరీలో జగన్నాథుని దారువిగ్రహాలనే మార్చే నవకళేబరం 2015లో జరిగింది. విశ్వాసికి ఇది దైవశక్తి సంచారం. తత్త్వదృష్టికి ఇందులో మరో విశేషం తోస్తుంది: మార్పును దాచరు, తొందరపడి చేయరు, ఎందుకు చేస్తున్నారో ముందుగా సంకల్పంలో చెప్పుకుంటారు, మధ్యలో ఒక్క పూట కూడా అర్చన తెగనివ్వరు. నిలిచేది రాయీ కాదు, కొయ్యా కాదు. ఆ మూర్తి పట్ల మనుషులు వహించిన బాధ్యత నిలుస్తుంది.

రాజ్యాల విషయంలోనూ ఇదే నియమం. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం (నేటి హంపీ) ధ్వంసం కాగా, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు, ఆ తరువాత రాజధాని చంద్రగిరికి మారింది. నగరం పేరే పేరుగా గల విజయనగర రాజ్యం ఆ నగరమే లేకుండా పెనుకొండ కోట నుంచి సాగింది. వంశం కూడా తుళువ నుంచి ఆరవీడుకు మారింది. అయినా పాత దానశాసనాలను గౌరవించడం, అధీనులైన నాయకులతో పాత సంబంధాలు నిలుపుకోవడం అనే పూచీలు సాగినంతవరకు అది విజయనగర రాజ్యమే. అవి ఒక్కొక్కటే తెగిపోయిన కొద్దీ, కోటగోడలు నిలిచి ఉన్నా, రాజ్యం కరిగిపోయింది.

మహర్నవమి నాటి ఆయుధపూజకు కూడా అర్థం ఇక్కడ వెదకవచ్చు. ధర్మవరంలో మగ్గానికీ, హిందూపురం వర్క్‌షాపుల్లో లేతుకూ డ్రిల్లుకూ, రోడ్డు మీది లారీకీ ఆ రోజు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొడతారు. నిరుడు పూజ అందుకున్న మోటారు ఈ ఏడు లేకపోవచ్చు; కొత్తగా బిగించిన స్పిండిల్‌కే బొట్టు పెడతారు. పూజ ఇనుముకు చేస్తున్నారని అనుకుంటే ఇది అసంగతం. తనకు అన్నం పెట్టే పనితో తనకున్న సంబంధాన్ని ఏటా ఒకసారి ఒప్పుకోవడం ఆ పూజ అసలు విషయం, అంగాలు మారినందువల్ల ఆ సంబంధానికి భంగం రాదు.

7. ఉపసంహారం

హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో, 1529–1542 మధ్య, విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేశారు. అక్కడి లతామండపం స్తంభాలపై చెక్కిన అల్లికలు ధర్మవరం చీరల అంచులకు ఆదర్శమయ్యాయని ఆ ప్రాంతంలో ప్రసిద్ధి. ఉలి రాతిలో తేల్చిన లత జకార్డు అట్టల ద్వారా పట్టులోకి, ఆదేశాల ఫైలు ద్వారా టేకు తలుపులోకి చేరగలిగింది. ద్రవ్యాలూ సాధనాలూ మారినా కూర్పు, అంటే ఆ అల్లిక, తరం నుంచి తరానికి అందింది. ఆ శిల్పుల ఉలులు ఏమయ్యాయని ఎవరూ అడగరు, అడగవలసిన అవసరమూ లేదు. ఆ లతను చూసి నేర్చుకునే కన్నూ, దాన్ని కొత్త ద్రవ్యానికి తగినట్టు మలిచే చేయీ మిగిలాయా అన్నదే అడగవలసిన ప్రశ్న.

కాబట్టి సాధనం మెరుగుదలను పాపంగా చూసే వైరాగ్యమూ, మెరుగుదలనే పురుషార్థంగా చూసే మోజూ రెండూ సరైన దృష్టులు కావు. పనివాడి ఒంటికి ఊరటనిచ్చే మార్పు, పని నాణ్యతను ద్రవ్యం ఓర్చగలిగినంత మేర పెంచే మార్పు, ఎవరికీ ఇచ్చిన మాట తప్పించని మార్పు ధర్మసమ్మతం; వాటిని చేసుకోకపోవడమే ఒక్కోసారి నేతగాడి మోకాళ్ల పట్ల అన్యాయం. నేర్పును చేతి నుంచి లాక్కొని, ఆ సంగతి కొనేవారికి చెప్పకుండా దాచే మార్పు, అది ఎంత చిన్న మోటారైనా, అధర్మం. అంగాలు మారిన యంత్రం పాతదేనా అని ఇకమీదట ఎవరైనా అడిగితే, దాని విషయంలో ఎవరికి ఏ మాట ఇచ్చారో ముందు చెప్పమని అడగాలి. ఆ మాట నిలిచిందో లేదో చూస్తే యంత్రం సంగతి దానంతట అదే తేలుతుంది.